కోతుల సారు పుస్తకంలో నా అబద్ధం

నా చేతిరాత బాగుండదు. ఒత్తు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడతాను. చదివింది మా ఊరి బడిలో నాలుగో తరగతి వరకే, అదీ తెల్లదొరల కాలంలో. అచ్చు వేసేవాళ్ళు తప్పులు దిద్దుకొని వేయండి. చదివేవాళ్ళు మన్నించండి.

సారు పోయారని కార్డు వచ్చి ఇరవై దినాలయింది. మా పోస్టుమాన్ దాన్ని నా చేతికి ఇచ్చే ముందే చదివేసి ఉన్నాడు. "నీ కోతుల సారు పోయినాడంట పెద్దాయనా. గుండె ఆగిపోయిందంట" అన్నాడు. నేను కార్డు తీసుకొని మళ్ళీ చదివాను. అదే ఉంది. ఆయన నాకంటే ఇరవై ఏండ్లు చిన్న. ముందు పోవాల్సింది నేను.

కార్డు రాసింది సారు దగ్గర చదువుకున్న పిల్లలు. ఆయన్ను ఎరిగినవాళ్ళతో తలా కొంచెం రాయించి ఒక చిన్న పుస్తకం వేస్తారట. "సారు మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు, మీరూ రాయండి" అని ఉంది. అప్పటినుంచి కూర్చుంటాను, లేస్తాను. రెండు వాక్యాలు రాసి వాకిట్లోకి పోతాను. మళ్ళీ వచ్చి చూస్తే ఆ రెండూ బాగుండవు. ఎందుకంటే చెప్పాల్సింది ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి ఉత్త మంచిమాటలు రాయడం నాకు చేతకాదు. సారు రాసుకున్న పుస్తకాల్లో ఒక తప్పు ఉంది. అది ఆయన చేసిన తప్పు కాదు, నేను చేయించింది. ముందు ఆయన ఎట్లాంటి మనిషో రాసి, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

మా ఊరి మీదుగా కళ్యాణదుర్గం పోయే రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు ఉండేవి. వాటి కాపును ఏటేటా వేలం వేసేవాళ్ళు. వేలం పాడుకున్నవాణ్ణి గుత్తదారు అంటాము. నేను ఆ గుత్తదారు పెట్టిన కాపలావాణ్ణి. కాపలా ముఖ్యంగా కోతుల నుంచే. పూత మొదలుకొని కాయ దులిపేదాకా చెట్ల కింద తిరుగుతూ వడిసెల తిప్పి రాయి విసరాలి. చేలల్లో పిట్టలను తోలేవాళ్ళ చేతుల్లో ఆ తాడు మీరు చూసే ఉంటారు. నాకు అందులో పేరుండేది. ఏ కొమ్మ చూపిస్తే ఆ కొమ్మకు తగిలేది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున బస్సు ఆపి ఆయన దిగారు. ఖాకీ చొక్కా, మెడలో దుర్భిణి, చంకలో లావు పుస్తకం. కాలేజీలో జంతువుల పాఠం చెప్తారట. రోడ్డు పక్క బండమీద కూర్చొని, చెట్లమీది కోతులను చూస్తూ రాసుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా లేవలేదు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఓట్లు జరిగి ఇంకా ఎంతో కాలం కాలేదు.

"ఏమప్పా సారూ, కోతులకు గూడ ఓట్లు రాసుకుంటాండావా?" అన్నాడు ఒకడు.

"రాద్దామనే వచ్చానండీ. ఒక్కటీ పేరు చెప్పడం లేదు" అన్నారు సారు.

"అవే మేలు సారూ. మావోళ్ళు సచ్చిపోయినోళ్ళ పేర్లు గూడ చెప్తారు."

అందరూ నవ్వారు. సారూ నవ్వారు. అప్పటినుంచి ఆయన మా ఊరికి కోతుల సారు.

ఆయనది కోస్తా వైపు. అందరినీ మీరు అనేవారు. నన్ను కూడా. అంతవరకు నన్ను ఎవరూ మీరు అనలేదు. పెండ్లిలో పురోహితుడు కూడా అనలేదు. నేను మాత్రం ఆయన్ను నువ్వు అనేవాణ్ణి, మా వైపు మాట అంతే. "పెద్దాయనా, మీరు చెప్పండి" అని ఆయన, "నువ్వు రాసుకో సారూ" అని నేను. బస్సు కోసం నిలబడినవాళ్ళు మా మాటలు విని ఎవరు సారో, ఎవరు కాపలావాడో అని ఎగతాళి చేసేవాళ్ళు.

ఆయన నన్ను మొదట అడిగింది చెవి చినిగిన ఆడకోతి గురించి. అది ఎప్పటినుంచి ఆ గుంపులో ఉందో, దాని పిల్లలు ఏవో, ఏ చెట్టుకు ముందు పోతుందో చెప్పాను. ఒక్కో కోతి సంగతీ చెప్పాను. ఆయన కలం ఆపి నా ముఖంకేసి చూశారు.

"ఇన్నేళ్ళూ తరుముతూ ఇంత చూశారా?"

"తరమల్లంటే సూడల్ల గద సారూ. ఏది ముందు దిగుతాదో తెలీకుంటే రాయి యాడికి ఇసరల్ల?"

ఆయన అది కూడా రాసుకున్నారు.

పొద్దున పూట రాళ్ళు విసరకుండా ఉంటే ఆయన చూసుకుంటారు, మధ్యాహ్నం నుంచి నా పని నాది. అట్లా ఒప్పందం చేసుకున్నాము. గుత్తదారు కూడా సరేనన్నాడు. ఈయన కలెక్టరాఫీసు మనిషేమోనని వాడికి లోపల భయం. కొన్నాళ్ళకు మధ్యాహ్నం పూట కూడా నాకు రాయి పెట్టబుద్ధి కాలేదు. ఉత్త తాడు తిప్పి చప్పుడు చేసేవాణ్ణి.

సారు ఎప్పుడూ అదే ఖాకీ చొక్కా తొడిగేవారు, కోతులు కొత్త మనిషి అనుకోకుండా. వాటి కళ్ళలోకి నేరుగా చూసేవారు కాదు. సంగటి ముద్ద తినాలంటే బండ చాటుకు పోయి, వాటికి కనబడకుండా తినేవారు. మనం తినేది చూస్తే అవి మన చేతులకు అలవాటుపడతాయట, అప్పుడు మనం చూసేది కోతిని కాదట. "నేను ఇక్కడ లేనట్టే ఉండాలి పెద్దాయనా, అదే నా ఉద్యోగం" అనేవారు. ఏమైనా అడిగి నేను తడబడితే, "తెలీదు అని చెప్పండి, ఏం ఫరవాలేదు. తెలీదు అని రాయడానికి నాకు సిగ్గు లేదు" అనేవారు. ఈ మాట నేను మరిచిపోలేను. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆయన కనుక్కోవాలనుకున్నది ఇది. మా గుట్టమీద చెట్టూచేమా సున్నపు బట్టీలకు పోతున్నాయి. జొన్న, కొర్ర వేసే చేలల్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తున్నారు. రోడ్డు వెడల్పు చేస్తామంటున్నారు. ఇవన్నీ మారుతుంటే కోతి ఏం చేస్తుంది? "కొండ మారితే కోతీ మారుతుంది. ఎంతవరకు మారగలదో, ఎక్కడ చేతకాక ఆగిపోతుందో చూడాలి" అనేవారు.

గుంపులో ఒక ఆడకోతి ఉండేది. నొసట తెల్లమచ్చ. నేను బొట్టుది అనేవాణ్ణి. సారు పుస్తకంలో దానికేదో నంబరు వేశారుగానీ, నోటితో ఆయన కూడా బొట్టుది అనే అనేవారు. చెనిక్కాయ చెట్టును పట్టి పీకి, మన్ను విదిలించి, కాయ ఒలుచుకొని తినడం ఆ గుంపులో మొదట నేర్చింది అదే. మిగతావి దాన్ని చూసి నేర్చాయి. మొదటిసారి అది దవడలు సంచుల్లాగా నింపుకొని చెట్టెక్కిన దినం, సారు పుస్తకం కింద పెట్టి, లేచి, రోడ్డుమీద అటూ ఇటూ నడిచారు. "చూశారా పెద్దాయనా, చూశారా" అన్నారు. చేనుగల రైతు వచ్చి తిడుతుంటే ఆయనకు కూడా చూపించబోయారు.

తర్వాత వరసగా రెండేళ్ళు వానలు లేవు. చెనిక్కాయ భూమిలోనే ఎండింది. చింతకాయ కూడా పలచగా కాసింది. రోడ్డు పక్క ఒక బావిలో మాత్రం అడుగున నీళ్ళుండేవి. ఆడవాళ్ళు చేది, పశువులకని రాతితొట్టిలో కాసిని పోసేవాళ్ళు. కోతులు ఆ తొట్టిలో తాగేవి. బొట్టుది అప్పుడు పిల్లతల్లి.

సారు పరీక్షల పనిమీద రెండు దినాలు రాలేదు. మొదటి దినం మధ్యాహ్నం గుత్తదారు సైకిలు దిగాడు. చెట్టునిండా కోతులు. కింద నేను, ఉత్త తాడు.

"ఏమప్పా, నువ్వు చింతకాయలకు కాపలానా, కోతులకు కాపలానా?"

"తోల్తాండా గదన్నా."

"తోల్తాండావా? నువ్వు చామరం వీస్తాంటే అవి భోంచేస్తాండాయి. ఈసారి వేలం నిన్నే పాడమంటా, వాటికే వడ్డిద్దువులే."

బస్సు కోసం నిలబడిన పక్క ఊరివాళ్ళు గట్టిగా నవ్వారు. నాకు మాటలు తక్కువ, సిగ్గు ఎక్కువ. ఆ సిగ్గు చేతిలోకి వచ్చింది. వంగి రాయి తీసుకొని, తాట్లో పెట్టి, తిప్పి వదిలాను. దాన్నే చూసి కొట్టానని చెప్పలేను. చూడలేదనీ చెప్పలేను. నా చెయ్యి తప్పదు, అది మాత్రం నాకు తెలుసు.

బొట్టుదాని తలకు తగిలింది. కింద పడలేదు. పిల్లను కడుపుకు కరుచుకొని పైకి ఎక్కి, రెండు కొమ్మల మధ్య కూర్చుంది. "అట్లుండల్ల" అని గుత్తదారు సైకిలు ఎక్కాడు. బస్సు వచ్చి నవ్వినవాళ్ళు కూడా పోయారు. పొద్దు వాలినా అది అక్కడినుంచి కదలలేదు.

మర్నాడు పొద్దున చెట్టు కింద పడి ఉంది. పిల్ల దాన్ని వదలలేదు.

మా వైపు కోతి చనిపోతే ఆంజనేయస్వామి పోయినట్టే లెక్క. మనిషికి చేసినట్టే అన్నీ చేస్తారు. ఒక ముసలామె పసుపునీళ్ళు పోసి తలా ఒళ్ళూ పూసింది. "మనం ఏం పాపం జేసినామో, నీళ్ళు లేక స్వామి గూడ ప్రాణం ఇడిసినాడు" అని ఏడ్చింది. అందరూ అదే మాట అన్నారు. కుడిచెవి పైన వెంట్రుకల కింద ఉన్న దెబ్బ పసుపులో కలిసిపోయింది. వెదురు పాడె కట్టారు, తప్పెట కొట్టారు. నలుగురు మోశారు. అందులో నేను ఒకణ్ణి. నా భుజం మీద అది ఏ బరువూ లేదు. గుట్టకింద ఆంజనేయుని బండ దగ్గర పూడ్చాము. పిల్లను ఎవరో విడిపించి చెట్టుమీద వదిలితే, చెవి చినిగినది వచ్చి పొట్టకు పెట్టుకుంది.

మూడోనాడు సారు దిగారు. సంగతి వినగానే గుట్టకిందికి దాదాపు పరుగెత్తారు. వెనకాలే ఊరంతా పోయింది.

"ఒకసారి తీసి చూడాలండీ. జబ్బు చేసి పోతే మిగతావాటికీ అంటుకుంటుంది."

"ఏం సారూ, దేవున్ని తొవ్వి కోస్తావా?"

"కోయను. పైపైన చూస్తానంతే."

"మీ యమ్మనైతే తొవ్వుతావా నాయనా?" అంది ముసలామె.

సారు చెప్పులు విడిచి ఆ మట్టి పక్కన కూర్చున్నారు. పుస్తకం తీసి రాయబోతూ, తల ఎత్తి నావైపు చూశారు.

"పెద్దాయనా, మీరు మోశారట కదా. ఒంటిమీద దెబ్బ ఏదైనా కనబడిందా? మీరు చెప్తే చాలు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఆయన మోకాలి మీద పుస్తకం నాకు కనబడుతూనే ఉంది. 'కారణం తెలియ' అని రాసి, పూర్తి చేయకుండా ఆపారు.

"లేదు సారూ. నీళ్ళు లేక సచ్చిపోయినాది" అన్నాను.

ఆయన రాసింది కొట్టేసి నా మాట రాశారు.

వారం తిరగకముందే గుంపు రోడ్డు వదిలి గుట్ట అవతలికి పోయింది. తొట్టి వదిలిపెట్టి నీళ్ళు లేనివైపుకు పోయింది. సారు దాని వెంట ఎండలో తిరిగారు. పెదవులు పగిలాయి. సాయంత్రం వచ్చి బండమీద కూర్చొని, "తొట్టిలో నీళ్ళున్నాయి కదా పెద్దాయనా. అది తెలివైన కోతి. పది అడుగుల్లో నీళ్ళుంటే నీళ్ళు లేక ఎట్లా పోయింది?" అన్నారు. నన్ను అనుమానించి కాదు. తనను తానే అడుక్కున్నారు. నేను కాలి బొటనవేలుతో మన్ను గీస్తూ నిలబడ్డాను.

ఆ ఏడే కాపలా మానేశాను. వడిసెల కాల్చేశాను. ఇంట్లో మా ఆడమనిషికి ఒక్కదానికి చెప్పాను. "ఇప్పుడు జెప్పి ఏం సేస్తావు, గమ్మునుండు. ఆ సారు మల్లా నీ మొగం సూస్తాడా?" అంది. నా భయం కూడా అదే. స్వామి పాపం గురించి నేను అంతగా భయపడలేదు. ఆయన నన్ను మీరు అనడం మానేస్తారని భయపడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

తర్వాత ఒకసారి సారు అచ్చు కాగితాలు తెచ్చారు. మద్రాసులో పెద్ద చదువులవాళ్ళ సభలో చదివారట. ఇంగ్లీషులో ఉన్నదాన్ని చెట్టు కింద కూర్చొని నాకు తెలుగులో చెప్పారు. కరువులో ముందు పాలిచ్చే తల్లులు పోతారేమో, తల్లి పోతే గుంపు తన చోటు వదిలేస్తుందేమో, ఇంకా చూడాలి అని అందులో ఒకచోట ఉంది. "ఒక్కదాన్నిబట్టి గట్టిగా చెప్పకూడదు. అందుకే ఏమో, ఏమో అని రాశాను" అన్నారు. ఇంకో వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది మీరే పెద్దాయనా. నమ్మకమైన కాపలాదారు ఒకరు చెప్పిన ప్రకారం, అని రాశాను." ఆయన ముఖంలో సంతోషం. ఎండ ఎక్కువగా ఉందని చెప్పి నేను ఇంటికి వచ్చేశాను.

ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. అయినా ఏటా ఒకసారి వచ్చేవారు. మా ఇంట్లో నీళ్ళు తాగి, నాతో రోడ్డు వెంట నడిచేవారు. చివరిసారి వచ్చినప్పుడు చింతచెట్లు కొట్టేస్తున్నారు. మానులకు తారుతో నంబర్లు వేసి ఉన్నాయి. సారు ఒక మొద్దుమీద చెయ్యి పెట్టారు. కోసినచోట తడి ఇంకా ఆరలేదు. చెయ్యి జిగటగా అయింది, తుడుచుకోలేదు.

"అన్నీ ఏదో ఒకవిధంగా అర్థమవుతున్నాయి. బొట్టుది ఒక్కటే కుదరడం లేదు. ఇంకొకసారి జ్ఞాపకం చేసుకోండి పెద్దాయనా" అన్నారు.

నోటిదాకా వచ్చింది. అంతలో బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. నేను కిటికీ ఊచ పట్టుకొని, "సారూ, ఒక మాట" అన్నాను.

"ఇడువప్పా పెద్దాయనా, ఆలీసమైతాండాది. సారు మల్లా వస్తాడులే" అన్నాడు కండక్టరు. విజిలు వేశాడు.

"ఉత్తరం రాయండి. నేను చదువుకుంటాను" అన్నారు సారు.

రాయలేదు. నా రాత బాగుండదని సాకు చెప్పుకున్నాను. కార్డుమీద రాస్తే అందరూ చదువుతారని ఇంకో సాకు. కవరు దొరుకుతుందని నాకు తెలియక కాదు. వచ్చే ఏడు ఎదురుగానే చెప్తాననుకున్నాను. ఆ ఏడు ఆయన రాలేదు, ఒంట్లో బాగాలేదని కబురు వచ్చింది. తర్వాత వచ్చింది ఈ కార్డే.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. బొట్టుది నీళ్ళు లేక చావలేదు. నా రాయి తగిలి చచ్చింది. గుంపు కరువుకు రోడ్డు వదలలేదు. నాకు భయపడి వదిలింది. సారుకు కుదరంది ఆయన తెలివి తక్కువై కాదు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది, నేను ఇచ్చిన మాటే తప్పు.

సారు దగ్గర చదివిన పిల్లలకు ఒక విన్నపం. ఆయన పుస్తకాలన్నీ మీ దగ్గరే ఉన్నాయని కార్డులో రాశారు. కరువు రెండో ఏటి పుస్తకం తీయండి. 'నీళ్ళు లేక' అన్న మాట ఎక్కడుందో చూడండి. దాని కింద నేను చెప్పింది రాయండి, నా పేరుతో సహా. మద్రాసు కాగితాల్లో ఉన్నదాన్ని ఎట్లా దిద్దాలో నాకు తెలియదు. మీకు తెలిసి ఉంటుంది. అందులో నమ్మకమైన అన్న ఒక్క మాట తీసేయించండి.

ఇది సగం రాసి, మొన్న నిలవలేక రోడ్డుమీదికి పోయాను. కొత్త తారు, చెట్టు అన్నది లేదు. గుంపు ఎప్పుడో తిరిగి వచ్చింది. కొమ్మలు లేవు కాబట్టి రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ గోడమీద వరసగా కూర్చొని ఉంది, బస్సులోంచి ఎవరైనా ఏదైనా విసురుతారేమోనని. ఇదివరకు నా నీడ పడితే చాలు, గుంపంతా చిటారుకొమ్మకు పోయేది. మొన్న ఒక పడుచుతల్లి, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒళ్ళో పిల్లకు పేలు చూస్తూ కూర్చుంది. నేను వంగి చెప్పు సర్దుకున్నాను, రాయి తీసేవాడు వంగినట్టే. అది తల ఎత్తి నన్నొకసారి చూసింది. మళ్ళీ పిల్ల వెంట్రుకలు పాయలు తీసుకుంటూ ఉండిపోయింది. నేనెవరో దానికి తెలియదు. ఇంటికి వచ్చి మిగతా సగం రాశాను.

ఆ పుట దొరికిందో లేదో తొందరగా నాకు జాబు రాయండి. దొరకకపోయినా రాయండి.